వేలెడు జాగా

నలభై ఒకటి అని తనలో తనే అనుకుంటూ కండక్టర్ వెనక్కి వెళ్తున్నాడు, సీటు సీటుకీ వేలు చూపిస్తూ. సంగారెడ్డి బస్టాండులోనూ ఇలాగే లెక్కపెట్టాడు, అప్పుడు నేను పందొమ్మిదో ఇరవయ్యో. ఇప్పుడు కంది దగ్గర బస్సు ఆగి, ఇంజనులో నీళ్లు పోయించుకుని, దిగేవాళ్లు దిగి ఎక్కేవాళ్లు ఎక్కాక మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాడు. నా పక్కన కిటికీ వైపు కూర్చున్న పెద్దామె ఒళ్లో గోంగూర మూట పెట్టుకుని, ఊరుకోలేక అననే అంది, "ఇందాకనే లెక్కవెట్టినవు గదనయ్యా, మళ్ల ఏంది?" కండక్టర్ తల కూడా తిప్పకుండా, "ఇందాకటి మంది వేరమ్మా, ఇప్పటి మంది వేరు" అని ముందుకు పోయాడు. భలే అన్నాడు అనుకున్నాను. ఏ మాట విన్నా అందులోంచి ఏది తీసేయొచ్చో చూడటం నాకు రోగంలా పట్టుకుంది, గోడ మీది ప్రకటనలు, పెళ్లి పత్రికలు, ఆఖరికి మా అమ్మ నా పెళ్లికని చుట్టాలకు పంపిన నాలుగు లైన్ల వివరం కూడా (ఎమ్మెస్సీ, పటాన్‌చెరులో ఉద్యోగం, చామనఛాయ, నిదానస్థురాలు; ఆఖరిది అబద్ధం కాబట్టి తీసేయమన్నాను). కండక్టర్ మాటలోంచి తీయడానికి ఏమీ లేదు. ఇందాకటి మంది వేరు, ఇప్పటి మంది వేరు. మనసులో ఇంకోసారి అనుకున్నాను, ఆ అనుకోవడంలో మంది అన్నచోట గాలి వచ్చి కూర్చుంది, ఇందాకటి గాలి వేరు, ఇప్పటి గాలి వేరు, అంతే, నవ్వుతున్న నోరు నవ్వుతున్నట్టే ఉండిపోయింది.

నిన్న నేను తీసేసిన లైను అది. మా ఫ్యాక్టరీలో కొత్త ట్యాంకు కడగడం గురించి వచ్చిన నలభై రెండు పేజీల ఇంగ్లీషు కాగితంలో ఒక్క మాట తేడా లేకుండా రెండు చోట్ల ఉంది, పదిహేడో పేజీలో ఒకసారి, ముప్పై ఒకటిలో ఒకసారి: ట్యాంకులో గాలి పరీక్ష చేయాలి. మొదటిది ఉంచాను. రెండోది పునరుక్తి అనుకున్నాను. కంపెనీవాళ్లు కాగితాలు ఎలా రాస్తారో నాకు తెలియదా, కొండంత రాగం తీసి కూసంత పాట, ఒక్క మాట తొమ్మిదిసార్లు చెప్తే తొమ్మిది సంతకాలు పెట్టించుకోవచ్చని వాళ్ల ఆలోచన, నా పని దాన్ని ఒకసారికి తేవడం, ట్యాంకు పక్కన వేలాడదీసే ఒకే ఒక కార్డుకు తేవడం. రెండున్నరేళ్లుగా అదే పని. కానీ ముప్పై ఒకటో పేజీలో ఆ లైనుకు ముందు ఏముంది? విరామం. టీకి బయటికి వచ్చి, తిరిగి దిగే ముందు. పాత ట్యాంకులకు పైన మూత ఉండదు, ఒకసారి చూస్తే చాలు. ఈ కొత్త ట్యాంకు నోరు మనిషి భుజాలు పట్టేంతే, అడుగున బురద, బురద కదిలిస్తే అందులోంచి గ్యాస్ లేస్తుంది, మనుషులు టీకి వెళ్తే గాలి కొట్టే ఫ్యాను కూడా ఆపుతారు. రెండింటికి చూసిన గాలి నాలుగుంబావుకు ఎక్కడుంటుంది? రెండింటికి పని మొదలు, నాలుగింటికి టీ, మళ్లీ దిగేది నవీన్. పోయిన శ్రావణంలో పెళ్లయినవాడు, పెళ్లి ఫోటోలు ఫోన్లో చూపిస్తూ గేటు దగ్గర దాన్ని లాకర్లో పెట్టడానికి కూడా మనసొప్పనివాడు. ఇప్పుడు టైము మూడూ ఇరవై ఐదు. నా కార్డు ఇవాళే మొదటిసారి తగిలించారు, నేనేమో పొద్దున్నే జిల్లా ఆఫీసులో కాగితాలు ఇవ్వడానికి సంగారెడ్డి వచ్చి, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ చేతిలో పట్టుకుని గోంగూర వాసనలో కూర్చున్నాను.

షిఫ్టు గదికి ఫోన్ చేస్తే మోగుతూ ఉంది. మోగుతుందని నాకు తెలుసు, ఎవరూ ఎత్తరనీ తెలుసు, పని నడుస్తుంటే అందరూ లోపలే, అక్కడికి ఫోన్లు తీసుకెళ్లకూడదని, నిప్పురవ్వ పుడుతుందని కార్డు రాసింది కూడా మేమే. గేటుకు చేశాను. ఒడిశా నుంచి వచ్చిన గార్డు ఎత్తాడు, వెనక లారీల హారన్లు, "మేడం, కంటైనర్ గేట్ మే ఫసా హై, మై అకేలా హూ, కిసీకో భేజ్తా హూ" అన్నాడు. గేటులో కంటైనర్ ఇరుక్కుందట, ఒక్కడే ఉన్నాడట, ఎవరినో పంపుతాడట. నవీన్‌ను దిగొద్దని చెప్పమను, కొత్త ట్యాంకు, నవీన్, అని రెండుసార్లు చెప్పాను. రెండుసార్లు చెప్పడం పునరుక్తి కాదని ఇప్పుడు తెలిసింది నాకు. ఆ పంపే మనిషి ఎవరు, ఎప్పుడు వెళ్తాడు, వెళ్లి ఏం చెప్తాడు, మేడం పిలుస్తోంది అంటాడేమో, అప్పుడు నవీన్ పని ముగించుకుని వస్తాలే అంటాడు. బస్సు రుద్రారం దాటుతోంది. గణేశ్ గడ్డ గుడి దగ్గర కొత్త ట్రాక్టరొకటి పూల దండ వేసుకుని చక్రాల కింద నిమ్మకాయలతో నిలబడి ఉంది, డ్రైవర్ హారన్ కొట్టి దండం పెట్టాడు, పెద్దామె పెట్టింది, నేనూ పెట్టాను, మామూలుగా పెట్టను.

మా నర్సింహులు కాక అయితే ఈ తప్పు చేసేవాడా? చేసేవాడు కాదు. పటేల్‌గూడ మనిషి, పది తప్పి ఆపరేటర్‌గా చేరి, ఇరవై ఆరేళ్లు ఆ ఫ్యాక్టరీలో కార్డులన్నీ ఆయనే రాశాడు, పోయిన నెల రిటైరయ్యాడు. ఇంగ్లీషు కాగితం ఇస్తే చదివేవాడు కాదు ముందు, చేత్తో బరువు చూసేవాడు. "ఇందుల మనిషికి పనికొచ్చేది ఒక చారెడుంటది బిడ్డా, మిగిలింది సాహెబుల భయం" అనేవాడు. యాసిడ్ మీద పడితే ఏం చేయాలో తొమ్మిది పేజీలు పంపింది పెద్దాఫీసు, బొమ్మలు, పట్టికలు, ఏ కంటికి ఏ మందు, ఎవరికి సమాచారం ఇవ్వాలి. కాక దాన్ని మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, ఒక మధ్యాహ్నం మార్కర్ తీసుకుని రాశాడు: యాసిడ్ పడిందా, నీళ్లు. పదిహేను నిమిషాలు నీళ్లు. తర్వాత అరుపు. నేను అప్పుడే చేరాను, నాకు అది చూసి నవ్వొచ్చింది, ఎమ్మెస్సీ చదివినదాన్ని. రెండు నెలలకు ప్యాకింగులో పనిచేసే ఒకామె చేతి మీద పడితే, ఆమె అరవకుండా, ఎవరినీ పిలవకుండా, తిన్నగా నల్లా కిందికి పోయి నిలబడి పదిహేను నిమిషాలయ్యాక అరిచింది. ఆమెకు మచ్చ కూడా లేదు. ఆ రోజు నుంచి నేను ఆయన వెనక తిరిగాను, పుస్తకంలో దొరకని చదువు అది, మొహమాటం లేకుండా చెప్తున్నాను, నాకు తెలిసిన మనుషుల్లో అంత తెలివైనవాణ్ణి నేను చూడలేదు.

ఆయనకొక పరీక్ష ఉండేది. గదులు తుడిచే మొగులమ్మకు అక్షరం రాదు, కార్డు పూర్తవగానే ఆమెను పిలిచి ఒక్కసారి చదివి వినిపించేవాడు. ఆమె బకెట్ ఎత్తుకుని పోయి వరండా అంతా తుడిచి వచ్చాక, "ఇగ చెప్పు మొగులమ్మా" అనేవాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఉంచేవాడు. ఆమె మరిచిపోయింది ఆమె తప్పు కాదు, లైను తప్పు, దాన్ని మళ్లీ రాయాలి. "మాటకు కాళ్లుండాలె, వరండా చివరిదాక నడిచి మళ్ల రావాలె" అనేవాడు. నిన్న సాయంత్రం నేను కూడా ఆమెకు చదివాను. మొగులమ్మ తుడిచి వచ్చి పదకొండుకు పదకొండూ చెప్పింది, చీపురు గోడకానించి, వేళ్లు మడుస్తూ. నా మొహం వెలిగిపోయి ఉంటుంది. ఇప్పుడు తెలుస్తోంది, నేను చదివినవన్నీ ఆమె చెప్పింది, నేను చదవని పన్నెండోది ఎలా చెప్తుంది పాపం.

పన్నెండు. అసలు సంగతి ఇది, దీన్ని ఎవరికీ చెప్పలేను. కాక కార్డు ఏదీ పన్నెండు లైన్లు దాటదు, పదమూడోది ఎవరికీ గుర్తుండదని ఆయన లెక్క. ఇది ఆయన లేకుండా నేను రాసిన మొదటి కార్డు. పన్నెండు వచ్చింది. బాగుంది. కానీ పదకొండైతే ఇంకా బాగుంటుందని, ఒకటి తగ్గించి ఆయనకు చూపించాలని, చూశావా కాకా నీకంటే ఒకటి తక్కువ అనాలని. అంతే. కంపెనీ చెప్పలేదు, మేనేజర్ అడగలేదు. నా గొప్ప కోసం తీసింది, గాలి పరీక్ష అన్న మాట పైనొకటి కనబడగానే చేతికి దొరికింది. కాక ఎన్నిసార్లు చెప్పాడు, "ముందు తీసేది కొవ్వు. ఆఖరికి తీసేది కండ గావొచ్చు, జెర సూస్కో."

అందుకే ఆయనకు ఆ ఇంకో అలవాటు. ఆఖరికి తీసిన లైను ఎక్కడుందో అక్కడ వేలెడు జాగా ఖాళీగా వదిలేవాడు. లైనుకీ లైనుకీ మధ్య ఏదో రాలిపోయినట్టు. మొదటి వారం కార్డు అలాగే వేలాడుతుంది, అందరికీ తెలుసు, ఖాళీ వచ్చిన చోట ఆగాలి, పని ఆపి కార్డు రాసినవాణ్ణి పిలిచి అడగాలి, ఈడ ఏం తీసినవన్నా అని. ఆయన చెప్పాలి. విన్నవాళ్లు అవసరం లేదంటే వారం తర్వాత ఖాళీ మూసి, ప్లాస్టిక్ తొడుగు వేయించేవాడు. కావాలంటే మళ్లీ రాసేవాడు, నామోషీ పడకుండా. కొత్త మేనేజర్‌కు అది అచ్చుతప్పులా కనిపించేది, నిషితా దీన్ని సరిచేయండి అనేవాడు. నాకు కూడా, నిజం చెప్పొద్దూ, కంప్యూటరులో అంత పొందిగ్గా వచ్చిన కార్డులో నడుమ పన్ను ఊడినట్టున్న ఆ సందు చూస్తే వేలు ఊరుకునేది కాదు. నిన్న ఏం చేశాను? ఎనిమిదో లైను తర్వాత. లైను తీశాను, అది గుర్తుంది. మొగులమ్మ వచ్చి లైటు ఆర్పనా అంది. క్యాబ్ వచ్చిందని ఫోను. జాగా వదిలానా? లాగి దగ్గరికి చేర్చానా? ప్రింటరులోంచి వచ్చిన కాగితం కళ్ల ముందుకు తెచ్చుకుంటున్నాను, తెల్లగా వస్తోంది, నల్లగా వస్తోంది, అక్షరాలున్నాయి, ఎనిమిది ఉంది, తొమ్మిది ఉంది, మధ్యలో చూద్దామంటే వేళ్లు అడ్డం వస్తున్నాయి, నా వేళ్లే. ఇస్నాపూర్ వచ్చింది, పది మంది బిహారీ పిల్లలు టిఫిన్ డబ్బాలతో ఎక్కారు, కండక్టర్ మళ్లీ లెక్క మొదలుపెట్టాడు. పెట్టు నాయనా, ఎన్నిసార్లయినా పెట్టు.

కాకకు ఫోన్ చేశాను. చేయకూడదనుకున్నాను, సిగ్గేసింది, మూడూ యాభై అయ్యేసరికి సిగ్గు పోయింది. ఎత్తాడు. వెనక మేక అరుస్తోంది. కాకా, కొత్త ట్యాంకు కార్డుల ఒక లైను తీసిన, టీ తర్వాత గాలి చూసే లైను, నవీన్ దిగుతడు, నేను ఇస్నాపూర్‌ల ఉన్న అని గబగబా అప్పజెప్పాను. ఎందుకు తీశావని అడగలేదు. తిట్టలేదు.

"తీసిన కాడ జాగ వదిలినవా?"

"యాదికి లేదు కాకా."

మేకను అదిలించాడు.

"వదిలితే పరేషాన్ గాకు, పోరగాళ్లు ఆగుతరు. వదలకుంటే ఉరుకు." ఆగాడు. "నేను ఒకసారి నడిసిన." ఫోన్ పెట్టేశాడు.

నేను ఒకసారి నడిసిన. ఈ మనిషి మాట్లాడేది కూడా కార్డే. మూడు మాటల్లో ఎన్నేళ్లు దాచాడో, ఎక్కడో ఎప్పుడో ఆయన వదలని జాగా ఒకటుంది, పరుగెత్తాల్సిన రోజు ఆయన నడిచి వెళ్లాడు, వెళ్లేసరికి ఏదో అయిపోయి ఉంది. ఇరవై ఆరేళ్ల ఖాళీలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. నేను దాన్ని ముసలాయన చాదస్తం అనుకున్నాను. లేచి డ్రైవర్ దగ్గరికి వెళ్లాను. ముత్తంగి జంక్షన్లో, రింగురోడ్డు దిగే చోట, గొడౌను లారీలు మూడు వరసల్లో నిలబడి ఉన్నాయి, బస్సు కదలదు. ఆపండన్నా అన్నాను, ఆగే ఉంది గదమ్మా అన్నాడు, నిజమే. దిగాను. దిగుతుంటే వెనక నుంచి పెద్దామె, "నీ సంచి బిడ్డా" అని సంచి అందించింది. లారీల మధ్యలోంచి పరుగు, డీజిలు, ఎవరో ఊసిన గుట్కా, చున్నీ ఒక అద్దానికి తగులుకుంటే లాక్కుని, నాలుగూ ఐదు, ఇప్పుడు టీ తాగుతుంటాడు, తాగు నాయనా, నిదానంగా తాగు, రెండో కప్పు తాగు, పెళ్లి ఫోటోలు అందరికీ మళ్లీ చూపించు, కానీ ఫోను లాకర్లో ఉంది, ఆ రూలు కూడా మాదే. అవతల షేర్ ఆటో దొరికింది, ఏడుగురిలో ఎనిమిదోదాన్నై ఒక కాలు బయట పెట్టుకుని. ఎనిమిదో లైను, తొమ్మిదో లైను. ఆటోవాడు ఇంకొకరి కోసం ఆపబోతుంటే నేనే ఇద్దరి కిరాయి ఇస్తా పోనీయమన్నాను. పటాన్‌చెరు గాలి ముక్కుకు తగిలింది, ఆ వాసన మాకు ఇల్లు వచ్చిందని గుర్తు, ఇవాళ ఊపిరి పీల్చాలంటే తప్పుగా అనిపించింది. ఎన్ని లైన్లు తీశాను ఈ రెండున్నరేళ్లలో. వెయ్యా, రెండు వేలా. ప్రతి లైనునూ ఎవరో ఒకరు ఎందుకో రాసి ఉంటారు. అందులో ఎన్ని ఎవరి చేతులు, ఎవరి కళ్లు. కాక అందుకే మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగేవాడు. మాట తీసేవాడికి రాసేవాడికంటే ఎక్కువ భయం ఉండాలి. ఆయన భయపడుతూ పనిచేశాడు, అందుకే అంత బాగా చేశాడు, నేను తెలివితో చేశాను.

గేటు. కంటైనర్ ఇంకా ఇరుక్కునే ఉంది. గార్డు నన్ను చూసి ఎవరినో పంపానని చేతులు ఊపుతున్నాడు, ఆ ఎవరో కంటైనర్ వెనక్కి నెట్టడానికి సాయం పడుతూ అక్కడే ఉన్నాడు. ఫోను లాకర్లో పడేసి, హెల్మెట్ పెట్టుకుని, నాలుగూ ఇరవై రెండు, పరిగెత్తకూడదు అని మేమే రాసిన బోర్డు పక్కనుంచి పరిగెత్తాను. మలుపు తిరిగాను.

ట్యాంకు పక్కన సిమెంటు దిమ్మె మీద నవీన్ కూర్చుని ఉన్నాడు. నడుముకు తాడు కట్టే ఉంది, మాస్కు మెడలో వేలాడుతోంది. పక్కన తాడు పట్టుకునే సంగయ్య కాళ్లు చాపుకుని, గోడకు తల ఆనించి. ఖాళీ టీ కప్పులు రెండు వాళ్ల మధ్యలో. పది అడుగుల దూరంలోనే నిలబడ్డాను.

"దిగలేదా?" అన్నాను.

నవీన్ లేచి నిలబడ్డాడు, పని ఆపినందుకు తిడతాననుకుని ఉంటాడు. "ఖాళీ ఉంది గద మేడం" అన్నాడు. "రాసినోళ్లను అడగాలె గదా. మీరేమో సంగారెడ్డి పోయిన్రంట. సూపర్‌వైజర్ సార్ రెండుసార్లొచ్చి లొల్లి చేసిండు, అయినా కూసున్నం."

"నర్సింహులన్న ఉన్నప్పటి సంది గంతే" అన్నాడు సంగయ్య కళ్లు తెరవకుండానే. "ఖాళీ కాడ ఆగుడే."

కార్డు తీగకు వేలాడుతోంది. ఎనిమిది. తర్వాత తెల్లగా, వేలెడు జాగా. తర్వాత తొమ్మిది. నేను వదిలాను. ఎప్పుడు వదిలానో ఇప్పటికీ గుర్తు రాలేదు, మనసు గొప్పకు పోతుంటే చెయ్యి మాత్రం కాక నేర్పింది మరవలేదన్నమాట. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా కొంచెం, హెల్మెట్ సర్దుకుంటున్నట్టు. మీటరు తెప్పించి, పైపు చివర కట్టి ట్యాంకు నోట్లోంచి కిందికి దించాను. మధ్యాహ్నం రెండింటికి సంగయ్య రాసిన ఆక్సిజన్ అంకె నూటికి ఇరవై పాయింట్ ఎనిమిది, పందొమ్మిదిన్నరకు తగ్గితే మనిషి దిగకూడదు. మీటరు ఇరవై చూపించింది, పందొమ్మిది, దిగుతూ పోయి పదహారు దగ్గర ఆగి, చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలుపెట్టింది. సంగయ్య కళ్లు తెరిచాడు. నవీన్ అంకె చూశాడు, తర్వాత ఆ రంధ్రంలోకి చూశాడు, నడుముకున్న తాడు ముడి విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది అతనికి.

ఫ్యాను పెట్టించి పని రేపటికి ఆపించాక, మొగులమ్మ ఎటు నుంచో బకెట్‌తో వస్తే ఆపాను. టీ విరామం తర్వాత ట్యాంకులోకి తిరిగి దిగే ముందు మళ్లీ గాలి పరీక్ష చేయాలి, అని చదివినట్టు చెప్పాను. ఆమె మెట్ల దాకా తుడిచి వెనక్కి వచ్చింది. "ఏం చెప్పిన?" అన్నాను. "ఛాయ్ తాగినంక మళ్ల గాలి సూడుమన్నవు" అంది. పెన్ను తీసి ఆ జాగాలో అదే రాశాను: ఛాయ్ తాగినంక మళ్ల గాలి చూడు. పన్నెండు లైన్లు.

ఆరింటికి గేటు దగ్గర లాకర్ తీస్తే నర్సింహులు కాకవి పద్నాలుగు మిస్డ్ కాల్స్. చేశాను. మొదటి రింగు పూర్తి కాకుండానే ఎత్తాడు.

"జాగ ఉండె కాకా" అన్నాను. "నవీన్ ఇంటికి పోయిండు."

అటు నుంచి ఏదో కిందపడ్డ చప్పుడు, కుర్చీ కావచ్చు. తర్వాత ఆయన మాట్లాడాడు. అంజయ్య అని తన చిన్నమ్మ కొడుకు గురించి, తనే ఫ్యాక్టరీలో పెట్టించాడట, పంతొమ్మిదేళ్లవాడట, కార్డులో తను తీసేసిన వాల్వు లైను గురించి, షిఫ్టు అయ్యాక చెప్దాంలే అని బీడీ తాగుతూ నడిచి వెళ్లిన దారి గురించి, వెళ్లేసరికే వాడి ప్రాణం పోయి ఉండటం గురించి, అంజయ్య పాడే పాటలు, వాడికి ఇష్టమైన బొమ్మిడాల పులుసు, వాడి అమ్మ ఆ తర్వాత తనతో ఒక్క మాట మాట్లాడకపోవడం. చెప్పిందే చెప్పాడు, మొదటికి వచ్చాడు, మళ్లీ చెప్పాడు. కంపెనీ బస్సు నన్ను వదిలి వెళ్లిపోయింది. గేటు పక్కన రాయి మీద కూర్చుని ముప్పావుగంట విన్నాను, అందులోంచి ఒక్క మాట కూడా తీయలేదు.